మేకల కొట్టంలో మిలటరీ బండి

ఉదయగిరి,
మార్చి 1977

పీర్ మహమ్మద్ మామూకు,

రహమతుల్లా సలాములు. ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మ మాత్రం మీ మీద కోపంగా ఉంది. సొంత అన్న అందరి ముందు తన కొడుకును అంత మాట అన్నాడని ఇంటికి వచ్చినవాళ్లందరికీ చెబుతోంది. నాకు కోపం లేదు మామూ. మీ ఊళ్లో బస్సెక్కినప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. జాన్‌బీని నాకిమ్మని అమ్మ అడిగినప్పుడు మీరు కుదరదని ఒక్క మాటతో తేల్చేయొచ్చు. అలా తేల్చకుండా షరతు పెట్టారు. షరతు పెట్టారంటే దారి ఉన్నట్టే.

మీరన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "కొయ్య చెక్కుకునేవాడికి నా కూతుర్నియ్యను. నేనిచ్చిన బండిని మీ నాయన మేకల పాలు చేసినాడు. దాన్ని బతికించి, దాని మీదెక్కి ఆత్మకూరుకు రా. అప్పుడు అడుగు పిల్లను" అన్నారు. ఒప్పుకున్నాను. ఈ ఉత్తరం అందుకే.

మీరు మిలటరీ నుంచి వచ్చేటప్పుడు మద్రాసు వేలంలో కొని, అమ్మ పెళ్లికి మా నాయన చేతిలో పెట్టిన ఆ ఇంగ్లీషు మోటారు సైకిలు ఇప్పుడెలా ఉందో చెప్పాలంటే సిగ్గుగా ఉంది. సీటు మీద జొన్న చొప్ప, హ్యాండిలుకు మేక తాడు. తుప్పు ఏదో పేడ ఏదో తెలియడం లేదు. చక్రాలు తిరగవు, బ్రేకు కదలదు, యాక్సిలేటరు తీగ బిగుసుకుపోయింది. కిక్కు రాడ్డు మీద రెండు కాళ్లతో నిలబడి ఎగిరాను. కిక్కు కదల్లేదు గానీ, బండి స్టాండు మీంచి జారి నాతో సహా మేకల మీద పడింది. ఎక్కడ మొదలుపెట్టాలో మీరే చెప్పాలి.

ఈ ఉత్తరం మీకు ఎవరు చదివి వినిపిస్తారో నాకు తెలుసు. చదివేవారికి కూడా సలాం.

మీ మేనల్లుడు
రహమతుల్లా


ఆత్మకూరు,
మార్చి 1977

ఒరే రహమతుల్లా,

కిక్కు మీద ఎగిరినావా? నీకు బుద్ధి ఉండాదా? లోపల పిస్టను తుప్పు పట్టి సిలిండరును కరుచుకోని ఉండాది. నువ్వు పైన ఎగిరితే అది వదల్దు, మధ్యలో గేరు పళ్లు ఊడతాయి. కొయ్యకు చూపించే ఓపిక ఇనుముకు గూడా చూపించాల.

ముందు బండిని ఆ మేకల కాడి నుంచి బయటికి తియ్. ప్లగ్గు ఉండాదేమో చూడు. నాకు తెలిసి ఉండదు. మీ నాయన దాన్ని ఊడబెరికి ఎవరి నీళ్ల ఇంజనుకో ఇచ్చినాడని అప్పట్లోనే విన్నాను. ఆ బొక్కలో గుడ్డ గూడా కుక్కలా ఆ మనిషి. ఇన్నేండ్ల వానా దాంట్లోకే పోయింది. అందులో కిరసనాయిలూ ఇంజనాయిలూ కలిపి పొయ్యి. పోసి, దాని జోలికి పోబాకు. ఇంకిపోతే మళ్లా పొయ్యి.

ఈ లోపల నట్లు పట్టుకో. తుప్పు పట్టిన నట్టును ఎవడైనా విప్పే వైపే తిప్పుతాడు. అది విరిగి చేతికొస్తాది. నువ్వు ముందు బిగించే వైపు రవ్వంత తిప్పు. లోపల తుప్పు చిట్లుతాది. అప్పుడు విప్పే వైపు తిప్పు. రానంటే మళ్లా బిగించు, మళ్లా విప్పు. ఎదురు పోట్లాడబాకు దాంతో.

ఇదంతా చెప్తుండానంటే ఒప్పుకున్నానని కాదు. సోమశిల డ్యాము లారీల రిపేర్లతో నాకు ఈడ ఊపిరి సలపడంలా. బండి మీద జాలితో చెప్తుండాను. మీ అమ్మకు నా దువా చెప్పు, తిట్టింది చాలని గూడా చెప్పు.

పీర్ మహమ్మద్

(నాయనకు తెలుగు రాయడం రాదు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను. రాసినవారి సలాం. మేకలకు దెబ్బలేమైనా తగిలాయా?)


ఉదయగిరి,
ఏప్రిల్ 1977

మామూకు సలాం.

మేకలు క్షేమం.

మామూ, మీరు చెప్పిన బిగించే కిటుకు ఉంది చూశారూ, దానికి నేను దాసోహం. మొదటి నట్టు వెనక చక్రానిది. బిగించే వైపు తిప్పాను. లోపల ఎక్కడో టిక్కుమని చప్పుడైంది. ఇటు తిప్పితే నిమ్మళంగా వచ్చేసింది. నేను అరిచిన అరుపుకు అమ్మ పొయ్యి మీది కూర వదిలేసి పరుగెత్తుకొచ్చింది, వేలు తెగిందనుకుని. ఆ నట్టును తీసుకెళ్లి చూపిస్తే, దీనికా ఇంత గోల అంది. ఆ రోజు నుంచి నా పనంతా ఇదే, ఇంతవరకు ఒక్క నట్టు కూడా విరగలేదు. పొద్దున గంటెలు చెక్కుతున్నాను, మధ్యాహ్నం నుంచి బండి. వెనక చక్రం తిరుగుతోంది. బ్రేకు కదులుతోంది. యాక్సిలేటరు తీగలోకి కాగితం పొట్లం కట్టి ఆయిలు చుక్కలు చుక్కలుగా దించాను. తీగ లోపల జారిన రోజు పండగే అనుకోండి.

మా నాయన మొదట్లో "చచ్చినదాన్ని ఎందుకురా కెలుకుతావు" అంటూ దూరంగా కూర్చున్నాడు. ఇంజను హెడ్డు ఊడి వచ్చిన పూట మాత్రం బాడిత పక్కన పడేసి వచ్చాడు. ఇద్దరం తలలు ఆనించి లోపలికి చూశాం. సైలెన్సరు దారిలో ఎలుక కాపురం. సిలిండరులో నీళ్ల గీత, దాని కింద ఎర్రటి తుప్పు. పిస్టను సరిగ్గా మధ్యలో ఆగి ఉంది. కిరసనాయిలు పోస్తూనే ఉన్నాను. వెంట్రుకంత కూడా కదల్లేదు.

ఇప్పుడొక ఆలోచన. గంటెలకని కొండ మీంచి తెచ్చిన నర్ది కర్రతో ఒక దిమ్మ చేశాను. సిలిండరులో గాలి చొరనంత సరిగ్గా దిగుతుంది, పిస్టను నెత్తి మీద అచ్చంగా కూర్చుంటుంది. దాని మీద సుత్తితో కొట్టవచ్చా? మీ మాట కోసం ఆగి ఉన్నాను. ఆగడం చాలా కష్టంగా ఉంది.

చదివేవారు ఎలా ఉన్నారు?

రహమతుల్లా


ఆత్మకూరు,
మే నెల మొదట్లో

రహమతుల్లాకు,

కొయ్య దిమ్మ మంచిదే. ఇనుప కడ్డీ పెట్టి కొట్టినోళ్లు పిస్టనుకు బొక్క పెట్టుకోని నా కాడికే వస్తుంటారు. కొట్టు, కానీ చిన్నగా కొట్టు. కొడతా ఉండు, ఆయిలు పోస్తా ఉండు. నట్లు ఒక్కటి గూడా విరగలేదంటే నేను నమ్మలా. నమ్మలేదని రాయమన్నాను గానీ, పిల్ల రాస్తా నవ్వుతుండాది.

ఇంకో సంగతి. కలువాయి నుంచి సంబంధం వచ్చింది. పిల్లోడు లారీ డ్రైవరు. సొంత బండి కొనే ఆలోచనలో ఉండాడు. రంజాన్ పండగ అయిన మూడో రోజు పిల్లను చూసుకోని మాట ఖాయం చేసుకుంటాం అన్నారు. నేను రమ్మన్నాను. పండగ దాకా నీకు టైము ఉండాది. తర్వాత నా మీద పడి ఏడవబాకండి, నువ్వూ మీ అమ్మా.

పీర్ మహమ్మద్

(కలువాయి సంగతి నాయన చెప్పినట్టే రాశాను. అందులో నా మాట ఒక్కటి కూడా లేదు. నన్నెవరూ అడగలేదు. దిమ్మ మీద దెబ్బ నడిమధ్యన పడాలి, అంచున పడితే పిస్టను పక్కకు ఒరిగి ఇంకా బిగుసుకుంటుంది. ఇది నాయన చెప్పడం మరిచిపోయాడు.)


ఉదయగిరి,
మే 1977

మామూకు సలాం.

ఈ ఉత్తరం రాయడానికి చెయ్యి రావడం లేదు. తప్పు చేశాను. దాచి లాభం లేదు కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను.

దిమ్మ పెట్టి కొట్టాను. మీరు చెప్పినట్టే చిన్నగా, నడిమధ్యన. పిస్టను కదల్లేదు. కలువాయివాళ్ల సంగతి విన్నాక నాకు ఓపిక ఎక్కడిది? మా తాత కొండ మీద గుండ్లు పగలగొట్టే పద్ధతి గుర్తొచ్చింది. బండకు చిన్న గుంటలు తొలిచి, ఎండు కొయ్య మేకులు దిగ్గొట్టి నీళ్లు పోస్తే, కొయ్య ఉబ్బి బండనే చీలుస్తుంది. అంత బండను చీల్చే కొయ్య ఇంత పిస్టనును నెట్టలేదా అనిపించింది. దిమ్మ మీద ఇనుప పట్టీ అడ్డం వేసి, హెడ్డు బోల్టులతో బిగించి, నీళ్లు పోశాను. పైకి ఉబ్బడానికి చోటు లేదు కాబట్టి కిందికి నెడుతుందని నా లెక్క.

కొయ్య ఉబ్బింది. కిందికి కాదు, పక్కలకు. సిలిండరు గోడల్ని పట్టేసింది. ఇప్పుడు పట్టీ తీసినా దిమ్మ రాదు. ఉలి పెట్టి చెక్కి తీద్దామంటే గోడకు గీత పడుతుందని భయం. కొయ్య సంగతి పుట్టినప్పటి నుంచి తెలిసినవాణ్ణి, అది అడ్డంగానే ఎక్కువ ఉబ్బుతుందన్న మాట ఆ పూట తలకెక్కలేదు. మా నాయన వచ్చి చూసి, "ఒకటి బిగిసింది చాల్దని రెండోదాన్ని బిగించినావు" అని వెళ్లిపోయాడు. అమ్మ ఆ పూట నుంచి కొట్టం వైపే రావడం లేదు. అదే ఎక్కువ బాధగా ఉంది.

మామూ, తిట్టండి. తిట్టాక ఏం చేయాలో చెప్పండి.

రహమతుల్లా


ఆత్మకూరు,
మే నెల చివర

బావకు,

ఇది నాయన ఉత్తరం కాదు. నాదే.

నీ ఉత్తరం చదివి వినిపించాను. కొయ్య మేకుల దగ్గరికి వచ్చేసరికే నాయన లేచి నిలబడ్డాడు. చివరికి, "వాడికి జవాబు రాయొద్దు. ఇనుములో నీళ్లు పోసినోడికి నా నోటితో ఇంకో మాట చెప్పను. కలువాయివాళ్లను పండక్కి ముందే రమ్మని రాయి" అన్నాడు. అంత సులువుగా ముందుకు జరిపేది కాదు, రంజాన్ దాటాకే వాళ్లకు వీలవుతుందని చెప్పి ఆపాను. నీకు మాత్రం రాస్తున్నాను. రాయకుండా ఉండలేను.

బావా, నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి దుకాణం మా ఇంటి ముందు గదే. నాయన చెయ్యి చాపితే ఏ పానా అందివ్వాలో అడగకుండానే తెలిసేది నాకు. పెద్దదాన్నయ్యాక దుకాణంలోకి రావద్దన్నారు గానీ, కిటికీలోంచి చూడొద్దని ఎవరూ అనలేదు. నీ దిమ్మ సంగతి చదివినప్పటి నుంచి నా మనసంతా దాని మీదే ఉంది. రెండు రోజులు అన్నం సయించలేదు. నిన్న బట్టలు ఉతుకుతుంటే తట్టింది.

దాన్ని కాల్చేయ్.

ఉలి ముట్టుకోవద్దు. ముందు పెట్రోలు టాంకు ఊడదీసి ఇంటికి దూరంగా పెట్టు. ఇంజను అడుగున ఉన్న పాత ఆయిలు మొత్తం దించేయ్. బండిని ఆరుబయటికి తీసుకొచ్చి, ఈ ఎండలో దిమ్మను బాగా ఎండనివ్వు. తర్వాత దాని నెత్తిన నిప్పులు పెట్టు. మంట కాదు, నిప్పులు. కొయ్య నిదానంగా బొగ్గయ్యి, బూడిదయ్యి పోవాలి. ఇంకో సంగతి ఉంది. సిలిండరు ఇనుము, పిస్టను అల్యూమినియం. వేడికి పిస్టను ఎక్కువ ఉబ్బుతుంది, చల్లారినప్పుడు ఎక్కువ తగ్గుతుంది. ఆ ఉబ్బడం తగ్గడంలో మధ్యనున్న తుప్పు చిట్లుతుందేమో. లారీల దగ్గర నాయన వేడిపెట్టి విడిపించడం ఎన్నిసార్లో చూశాను. నీళ్లు మాత్రం పోయొద్దు. నీ చేతికి నీళ్ల చెంబు అందకుండా అత్తను కాపలా పెట్టు.

ఒక మాట సూటిగా చెబుతున్నాను. నాకు కలువాయి వద్దు. ఇది ఎవరికీ చెప్పలేదు, నీకు చెప్పాను. ఇక బండి సంగతి నీ చేతిలో ఉంది.

జవాబు నా పేరుకే రాయి. టపా ఏది వచ్చినా నా చేతికే ఇస్తారు, ఇంట్లో తెలుగు చదివేదాన్ని నేనే కదా.

జాన్‌బీ


ఉదయగిరి,
జూన్ 1977

జాన్‌బీకి,

కదిలింది! ముందు ఆ మాట రాస్తే తప్ప మిగతాది రాయలేను.

నువ్వు చెప్పినట్టే టాంకు తీసి పక్కింట్లో పెట్టాను. బండిని కొట్టం ముందు నిలబెట్టి, దిమ్మను ఎండబెట్టి, అమ్మ పొయ్యిలోంచి నిప్పులు తెచ్చి పోశాను. నర్ది కొయ్య కాలితే ఇంత పొగ వస్తుందని ఎవరికి తెలుసు? మా ఇల్లు అంటుకుందని వీధి వీధంతా బిందెలతో వచ్చింది. ఒకాయన బిందె ఎత్తి పోయబోతే అమ్మ అడ్డం పడింది. "పోస్తే నా కొడుకు పెళ్లి ఆగిపోతాది" అని అరిచింది. వచ్చినవాళ్లకు ఏమీ అర్థం కాలేదు. నిప్పులకూ పెళ్లికీ ఏం సంబంధమో చెప్పేసరికి నాకు తలప్రాణం తోకకొచ్చింది.

సాయంత్రానికి దిమ్మ బూడిదైంది. పొద్దున్నే బూడిద ఊదేసి, ఆయిలు పోసి, గేరు వేసి వెనక చక్రాన్ని రెండు చేతులతో ముందుకూ వెనక్కూ ఊపాను. నాయన హ్యాండిలు పట్టుకున్నాడు. ఊపుతూనే ఉన్నాం. లోపల కట్టుమని చిన్న చప్పుడు. నాయన నా వైపు చూశాడు. మళ్లీ ఊపాను. చక్రం జానెడు తిరిగింది, పిస్టను కిందికి దిగింది. మేమిద్దరం పేడలో నిలబడి ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. నాయన నన్ను అలా పట్టుకున్నది నాకు గుర్తున్నంతలో ఎప్పుడూ లేదు.

సిలిండరు ఊడదీశాను. పిస్టను బయటికి వచ్చింది. రింగులు గాడిలో అతుక్కుపోయి ఉన్నాయి. ఇనుము పెట్టి గీరకుండా, వెదురు బద్దను కత్తి అంచులా చెక్కి దాంతో తీశాను. పై రింగు రెండు ముక్కలైంది. కొత్తవి ఎక్కడ దొరుకుతాయి? సిలిండరు గోడల మీది తుప్పు మరకలు సన్న గరుకు కాగితంతో రుద్దుతున్నాను. రోజూ చెంచాలు నునుపు చేసే చెయ్యే కదా, ఆ పని ఒక్కటి నాకు కొత్త కాదు.

నీ ఉత్తరంలో చివరి మాటలు ఉన్నాయే, అవి చదివిన రోజు నేను గంటె చెక్కబోయి పిడి విరగ్గొట్టాను. ఎలాగైనా వస్తాను.

రహమతుల్లా


ఆత్మకూరు,
జూలై 1977

బావకు,

నీ ఉత్తరం చదివి వంటింట్లో గంతులేశాను. అమ్మ ఏమైందే అంటే చీమ కుట్టిందన్నాను.

ఉదయగిరి బస్సు కండక్టరు చేతికి ఒక చిన్న పొట్లం ఇచ్చాను, అందుకో. అందులో రింగులున్నాయి. ఎక్కడివో తెలుసా? నాయన పాత సామాన్ల పెట్టె అడుగున, ఆయిలు కాగితంలో చుట్టి పెట్టుకుని ఉన్నాడు. ఆ బండివే. అత్త పెళ్లికి బండి ఇచ్చినప్పుడు ఎప్పటికైనా పనికొస్తాయని కొని ఉంటాడు. ఇన్నేళ్లూ పారేయలేదు. పైకి మాత్రం ఆ బండి పేరెత్తితే మండిపడతాడు. ఈ మనిషిని నాకు అర్థం చేసుకోవడం కష్టంగా ఉంది.

రింగును ముందు ఉత్తగా సిలిండరులోకి దించి, రెండు కొసల మధ్య సందు చూడు. గోరు మందం ఉండాలి. కొసలు ఆనుకుంటే వేడికి ఉబ్బి మళ్లీ పట్టేస్తుంది. అప్పుడు కొస మీద ఆకురాయితో ఒకటి రెండు రుద్దులు చాలు. రింగుల సందులన్నీ ఒకే వరసలోకి రానివ్వకు, తలా ఒక దిక్కున పెట్టు.

నిన్న అన్నం తింటూ నాయన ఉన్నట్టుండి, "ఆ కొయ్యోడు ఇంకా ఆ దిమ్మ చుట్టూనే తిరగతా ఉండాడా?" అని అడిగాడు. నాకేం తెలుసు అన్నాను. అబద్ధం చెబుతూ మజ్జిగను కంచం పక్కన పోశాను. కలువాయివాళ్లు మూడో రోజునే వస్తామని మళ్లీ కబురు పంపారు. నువ్వు పండగ నాడే రావాలి. పండగ పూట పెద్దలకు సలాం చెప్పడానికి వచ్చిన మేనల్లుణ్ణి ఏ మామా గుమ్మంలో నిలబెట్టడు.

జాన్‌బీ


ఉదయగిరి,
సెప్టెంబరు, రంజాన్ నెల

జాన్‌బీకి,

ఇంజను పలికింది.

ఉపవాసాల నెల కదా, నాకు రోజంతా ఒకటే తొందర, ఒంట్లో ఓపిక లేదు. పక్కింటాయన మోటారు సైకిలులోంచి కాస్త పెట్రోలు తీసుకోమన్నాడు. గొట్టం పెట్టి నోటితో పీల్చాలి. పీల్చబోతే అమ్మ చెయ్యి పట్టుకుని, "పెట్రోలు తాగి రోజా చెడగొట్టుకుంటావా" అంది. తాగడం కాదమ్మా అంటే వినదు. చివరికి మసీదులో నగారా మోగి, ఖర్జూరం నోట్లో వేసుకున్నాకే పీల్చాను. ఖర్జూరం రుచి పోయి రాత్రి భోజనం దాకా పెట్రోలు తేన్పులే.

మర్నాడు కొత్త ప్లగ్గు బిగించి కిక్కు కొట్టాను. ఉలుకూ పలుకూ లేదు. కొట్టగా కొట్టగా సైలెన్సరులోంచి తుపాకీ పేలినట్టు ఢామ్మంది. మేకలు తాళ్లు తెంపుకుని దుర్గం కొండెక్కాయి. ఇంకో కిక్కుకు అందుకుంది. డుబుక్ డుబుక్ మని నిలబడి పలుకుతూనే ఉంది. నాయన చెవి దగ్గర పెట్టి విని, "ఇదే చప్పుడురా. మీ అమ్మను ఇంటికి తెచ్చినప్పుడు ఇదే చప్పుడు" అన్నాడు. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆయిలు కారుతోంది, లైటు లేదు, వెనక బ్రేకు సగమే పడుతుంది. అయినా పండగ నమాజు కాగానే బయలుదేరుతున్నాను. మర్రిపాడు మీదుగా వస్తాను. చప్పుడు మీ వీధి మొదట్లోనే వినిపిస్తుంది. వినిపిస్తే నేనే.

రహమతుల్లా


ఉదయగిరి,
పండగ మర్నాడు

జాన్‌బీకి,

నువ్వు లోపల ఉన్నావు కాబట్టి దుకాణం ముందు జరిగింది నీకు సరిగా తెలియదు. తెలియాలి.

దారి పొడుగునా బండి ఎక్కడా ఆగలేదు. మీ వీధిలోకి తిరిగేసరికి మామూ బయటికి వచ్చి నిలబడి ఉన్నాడు. సలాం చెప్పాను. ఆయన నన్ను చూడలేదు. బండి చుట్టూ తిరిగాడు. టాంకు మీద చెయ్యి పెట్టి అలాగే ఉంచాడు. తర్వాత నన్ను దిగమని, తనే ఎక్కి బస్టాండు దాకా వెళ్లి వచ్చాడు. వచ్చేటప్పుడు ఆయన మొహం చూడాల్సింది నువ్వు. పడుచువాడైపోయాడు. నా పని అయిపోయినట్టే అనుకున్నాను.

దిగి, "దిమ్మను ఎట్ల తీసినావు?" అన్నాడు. సంతోషంలో ఉన్నాను, నిప్పులు పోసి కాల్చానని చెప్పేశాను. "ఎవరు చెప్పినారు నీకు?" అన్నాడు. నాకే తోచిందని అనవచ్చు. ఆ కళ్లలోకి చూస్తూ అనలేకపోయాను. మామూ తల తిప్పి ఇంటి కిటికీ వైపు చూశాడు. మొహంలో ఆ సంతోషం ఎటు పోయిందో పోయింది. "బండి ఈడ పెట్టి బస్సుకు పో. ఎల్లుండి కలువాయివాళ్లు వస్తుండారు. నేను ఇప్పుడేం మాట్లాడను" అన్నాడు. సేమ్యా కూడా తినకుండా వచ్చేశాను.

షరతు తీరినా నన్ను కాదంటే భరిస్తాను. నా నోటి మూలంగా నిన్ను ఏమైనా అంటాడేమోనని ఇక్కడ నా ప్రాణం కొట్టుకుంటోంది. ఒక్క ముక్క రాయి.

రహమతుల్లా


ఆత్మకూరు,
సెప్టెంబరు 1977

రహమతుల్లాకు,

కలువాయివాళ్లు వచ్చినారు, పోయినారు.

నాకు కోపం రాలేదని అనుకోబాకు. నా ఇంట్లోనే, నాకు తెలియకుండా, ఇద్దరూ కలిసి ఉత్తరాలు నడిపినారు. రెండు రోజులు ఇంట్లో ఎవరితో మాట్లాడలా. వాళ్లు వచ్చే రోజు పొద్దున్నే పని లేక ఆ బండి హెడ్డు విప్పి చూసినాను. సిలిండరు గోడ మీద ఒక్క గీత లేదు. రింగులు చూసినాను. నా పెట్టెలోవే. సందులు తలా ఒక దిక్కున ఉండాయి. మళ్లా మూసి పెట్టేసినాను.

కలువాయి పెద్దాయన మర్యాదస్తుడే. పిల్లకు ఏం పనులొస్తాయని అడిగినాడు. మీ అత్త వంటా కుట్టూ చెప్పింది. ఇంజను పని గూడా వస్తాదని నేను చెప్పినాను. ఆయన నవ్వి, ఆడపిల్లకు అవెందుకు, మా ఇంటికొచ్చినాక అవన్నీ మాన్పిస్తాంలే అన్నాడు. ఆ మాట నేను గూడా అనేవాణ్ణే. నేనే గదా దాన్ని దుకాణంలోకి రావొద్దన్నది. కానీ ఇంకోడు అంటే వినలేకపోయినాను. టీ తాగి పొండి అని చెప్పినాను.

నువ్వు షరతు తీర్చినావు. మాట మాటే. కానీ ఒకటి ఉండాది. కొయ్యోడికియ్యను అన్నాను, డ్రైవరుకిస్తాను అన్నాను, బండి తెస్తే ఇస్తాను అన్నాను. ఊరందరికీ చెప్పినాను. పోయే మనిషిని ఒక్కసారి గూడా అడగలా. అది నా ఎదురుగా కూచోని ఇది రాస్తా ఉండాది. ఇప్పుడు అడగతాను. ఏం చెప్తాదో అదే నీకు రాస్తాది. నా ఉత్తరం ఇంతే.

పీర్ మహమ్మద్

బావా,

ఇక్కడ నేను కలం పక్కన పెట్టాను. నాయన గడప మీద కూర్చుని, "చెప్పు, నీకేం కావాల?" అన్నాడు. ఇన్ని కాగితాలు నింపినదాన్ని, కాగితం అంచు మడుస్తూ కూర్చున్నాను. నాయన తొందరపెట్టలేదు. దుకాణం ముందు ఎవరో లారీ ఆపి హారను కొడుతున్నా లేవలేదు.

అప్పుడు చెప్పాను. బావనే చేసుకుంటాను, కానీ ఉదయగిరి వెళ్లినా పానా వదలను, నేర్చుకోవాల్సింది ఇంకా చాలా ఉంది, అది నువ్వే నేర్పించాలి నాయనా అన్నాను. చెప్పేటప్పటికి ఏడుపొచ్చేసింది. నాయన నా తల మీద చెయ్యి పెట్టలేదు. లేచి వెళ్లి హారను కొడుతున్న లారీ ముందు మూత ఎత్తాడు. లోపలికి తొంగి చూసి, ఇంటి వైపు తిరిగి, వీధి వీధంతా వినబడేట్టు, "జానూ, బయటికి రామ్మా, దీని కథేందో చూడు" అని పిలిచాడు.

కొంగు నడుముకు చుట్టుకుని వెళ్లాను.

జాన్‌బీ